చేయించిన హింస యెవరిది?

గృహస్థాశ్రమము తక్కిన ఆశ్రమములన్నిటికిని ఆధారమని మన పెద్దలు చెప్పియున్నారు. బ్రహ్మచారికి భిక్ష, అతిథికి అన్నము, వృద్ధులకు నీడ, పశువునకు మేత - ఇవన్నియు గృహస్థుని గడపనుండియే రావలెను. అయితే ఆ పెద్దలే ఆ గృహమునందు అయిదు వధస్థానములు గలవనియు చెప్పిరి. పొయ్యి, తిరుగలి, చీపురు, రోలు, నీళ్లకుండ - ఈ అయిదింటి చెంత ప్రతిదినము ఎన్నియో చిన్నప్రాణులు నశించుచున్నవి. మనుస్మృతి వీనిని పంచసూనలని పేర్కొని, తత్పరిహారముగా పంచమహాయజ్ఞములను విధించినది. ఇందొక గొప్ప సత్యమిమిడియున్నది. ఇల్లు కట్టుకొని, ధాన్యము నిలువచేసికొని బ్రదుకువాడు తాను ఏ జీవికిని అపకారము చేయుటలేదని చెప్పుకొనజాలడు. ధర్మశాస్త్రము అతనిచేత ఆ మాట చెప్పనీయదు. హింస జరుగుచున్నదని ఒప్పుకొమ్మనును. ఒప్పుకొని ఋణము తీర్చుకొమ్మనును.

నేటి పట్టణములందు ఈ అయిదింటికి తోడు ఆరవ స్థానమొకటి యేర్పడినది. వంటింట బొద్దింకలు కనబడినను, ద్వారబంధమునకు చెదలు పట్టినను, గోదాములో ఎలుకలు చొరబడినను, గృహస్థుడు పెస్ట్ కంట్రోల్ వారికి ఫోను చేయును. ఇద్దరు యువకులు మందు చల్లు పంపులను వీపున తగిలించుకొని వచ్చెదరు. ఇంటివారు కొన్ని గంటలు బయట గడిపి వచ్చునప్పటికి పని ముగిసియుండును. చచ్చినవానిని పనిమనిషి ఊడ్చివేయును. యజమాని కన్నులార చూచినది రసీదు మాత్రమే. ఆ సాయంకాలము ఆయన దీపము వెలిగించి, సమస్త జీవులకును శుభము కలుగవలెనని ప్రార్థించును. ఆ ప్రార్థనలో కపటము లేదు. తాను దేనిని చంపలేదని ఆయన నిజముగనే నమ్ముచున్నాడు.

ఆ నమ్మకము సరియైనదేనా? సొమ్మిచ్చి చేయించిన హింస యెవరిది? చేసినవానిదా, చేయించినవానిదా? బొద్దింక మాట వచ్చినప్పుడు ఈ ప్రశ్న అల్పముగ తోచవచ్చును. కాని మన సుఖమునకై ఇతరులచేత చేయించు ప్రతి పనికిని ఈ ప్రశ్నయే వర్తించును. కావున దీనిని తొందరపడి త్రోసివేయరాదు.

పతంజలి మహర్షి యోగసూత్రములలో హింసను మూడు తెరగులుగా విభజించెను. తాను స్వయముగ చేసినది కృతము. ఇతరులచేత చేయించినది కారితము. ఇతరులు చేయగా తాను సమ్మతించినది అనుమోదితము. ఈ మూడింటికిని లోభము, క్రోధము, మోహము అనునవే మూలములనియు, దుఃఖమును అజ్ఞానమును ఫలములనియు ఆయన నిర్ణయించెను. చేయి మారినంతమాత్రమున కర్మ మారదని దీని తాత్పర్యము. రసీదు పుచ్చుకొన్న గృహస్థుడు కృతమునుండి తప్పించుకొనెను గాని, కారితములో నిలిచియే యున్నాడు. పొరుగింటివాడు మందు చల్లించినందువలన తన యింటికిని చీమల బాధ తప్పినదని సంతోషించువాడు అనుమోదితములో నున్నాడు. ఇంతవరకు శాస్త్రము స్పష్టమే. అయితే తరువాత ఏమి చేయవలెను? చంపించుట మానవలెనా? మానిన చాలునా?

ఈ ప్రశ్నను పుస్తకములలో గాక ఒక నగరపు చరిత్రలో పరిశీలింపగోరువారికి గుజరాతునందలి సూరత్ మిక్కిలి తగిన చోటు. తాపీనది యొడ్డున, సముద్రమునకు చేరువలోనున్న ఈ నగరము మొగలాయి చక్రవర్తుల కాలమున పశ్చిమతీరమునకు ముఖ్యమైన రేవు. నేడది వజ్రములను సానపట్టుటకును, మరమగ్గపు వస్త్రములకును ప్రసిద్ధి చెందియున్నది. మన తెలుగువారికి అది పరాయి ఊరు కాదు. తెలంగాణమునుండి వెళ్లిన పద్మశాలి కుటుంబములనేకము లింబాయత్ మున్నగు పేటలలో స్థిరపడి, మగ్గమునే నమ్ముకొని జీవించుచున్నవి. జీవదయ యేమి, జీవవధ యేమి, రెండింటినిగూర్చియు ఈ నగరము తన అనుభవముచేత గొప్ప పాఠములు నేర్చినది.

మొదట దయను గూర్చిన పాఠము. సూరత్ వర్తకులలో జైనులును, వైష్ణవులును పెక్కుమంది. ముసలియై, కుంటియై, రోగగ్రస్తమై యెవరికిని పనికిరాని పశువులను పోషించుటకు వారు పాంజరాపోల్ అను శాలను వెలయించిరి. 1689లో ఓడయెక్కి బయలుదేరి, పిమ్మట ఈ నగరము చేరిన జాన్ ఓవింగ్టన్ అను ఆంగ్లేయ మతాచార్యుడు, 1696లో ప్రకటించిన తన యాత్రాగ్రంథమున ఆ శాలను వర్ణించెను. దానికి చేరువలోనే నల్లులు మొదలైన రక్తము త్రాగు పురుగులకు వేరొక శాల కలదనియు, వాని ఆకలి తీర్చుటకై అప్పుడప్పుడు ఒక పేదవానిని కూలికి కుదిర్చి రాత్రియంతయు అచటి మంచముపై పరుండబెట్టుదురనియు, తెల్లవారకమునుపే లేచి పారిపోకుండునట్లు అతనిని మంచమునకు కట్టివేయుదురనియు ఆయన వ్రాసెను. తరువాతి కాలమున అలెగ్జాండర్ బర్న్స్ అను మరియొక యాత్రికుడు సూరత్ పాంజరాపోల్‌ను చూచి, 1834లో రాయల్ ఏషియాటిక్ సొసైటీ పత్రికయందు దానినిగూర్చి వ్రాసెను. అచట నొక గదిలో ధాన్యము పోసి పురుగులను లెక్కలేనంతగా పోషించుచుండిరని ఆయన తెల్పెను.

విదేశీయుల వ్రాతలో వెక్కిరింత పాలు కొంత యుండవచ్చును. పురుగును సైతము అతిథిగా భావించిన ఆ వర్తకుల హృదయమును మనము వెక్కిరింపరాదు. మనుష్యుని ప్రయోజనమునకు వెలుపల జీవికి విలువ గలదని నమ్మి, ఆ నమ్మకమునకై ధనము వెచ్చించినవారు లోకమున ఎందరు గలరు? అయినను ఓవింగ్టన్ చెప్పిన ఆ మంచమును మరచుట సాధ్యము కాదు. అందు దయ వర్తకునిది, రక్తము పేదవానిది. పుణ్యము కోరినవాడు తన మేడలో పట్టుపరుపుపై నిదురించెను. నల్లులచేత కుట్టించుకొన్నవాడు ఆనాటి కూలికై, బిడ్డల గంజికై, కట్లలో పడియుండెను. నల్లికి ప్రాణమున్నదని గుర్తించిన కన్నులకు, మంచముపైనున్న మనుష్యుని దేహమునకును బాధ కలదని కనబడలేదు.

నేటి గృహస్థుడు ఆ కథ విని నవ్వును. కాని తన యింటికి వచ్చు యువకుని ఒక్కసారి పరికించి చూచినచో ఆ నవ్వు ఆగిపోవును. అతని ముక్కుకు గుడ్డపేలికయే గాని తగిన ముసుగు ఉండకపోవచ్చును. చేతులకు తొడుగులుండకపోవచ్చును. రోజునకు ఆరేడు ఇండ్లలో విషమును చల్లుచు, దాని ఆవిరిని పీల్చుచు, అతడు మన వంటింటిని శుభ్రపరచుచున్నాడు. నాడు దయకై ఒకని శరీరమును కూలికి తీసికొనిరి. నేడు వధకై మరియొకని శరీరమును కూలికి తీసికొనుచున్నాము. బాధను తన దేహమునకును, తన కంటికిని దూరముగ నుంచి, ఫలమును మాత్రము తాననుభవించుట రెండింటను సమానమే. మన ప్రశ్నకు అసలైన ముడి ఇచ్చటనే యున్నది.

ఇక వధను గూర్చిన పాఠము. 1994వ సంవత్సరము ఆగష్టులో మహారాష్ట్రమునందలి బీడ్ ప్రాంతమున గడ్డల ప్లేగు కనబడెను. సెప్టెంబరులో సూరత్ నగరమున ఊపిరితిత్తుల ప్లేగు తలయెత్తెను. ఆ యేడు వర్షములు మెండు. తాపీ వరదనీరు పల్లపు పేటలలో నిలిచెను; చచ్చిన పశువులును, చెత్తయు వీధులలో కుళ్లెను. జబ్బు మొదట పొడసూపినది వేడ్ రోడ్ ప్రాంతపు పేదల గుడిసెలలో. వార్త పొక్కగానే లక్షలాది జనులు దొరికిన రైలెక్కి, దొరికిన బస్సెక్కి పారిపోయిరి. మరమగ్గములపై పనిచేయు వలసకూలీలు ఒడిశాకును, ఉత్తరప్రదేశ్‌కును, నాటి ఆంధ్రప్రదేశ్‌కును మరలిరి. స్వంత వైద్యశాలలు గల వైద్యులలో సైతము పలువురు తలుపులు మూసి వెడలిపోయిరి. ఆ యేడు దేశమంతట ప్లేగువలన చనిపోయిన వారి సంఖ్య యాభైకి పైచిలుకు. సంఖ్య చిన్నదే, భయము మాత్రము ప్రపంచమంతయు వ్యాపించి, విమానములును వర్తకమును నిలిచిపోయెను.

అట్టి సమయమున ఎవరికైనను మొదట తోచునది ఎలుకలను చంపుమనియే. కాని ఇచ్చట విజ్ఞానశాస్త్రము చెప్పిన మాట ఆలోచింపదగినది. పాల్-లూయీ సిమాన్ అను ఫ్రెంచి వైద్యుడు 1898లో కరాచీయందు చేసిన ప్రయోగముచేత, గడ్డల ప్లేగును ఎలుకనుండి తెచ్చునది దాని వంటినంటి రక్తము త్రాగు ఒక చిన్నపురుగని కనుగొనెను. దానికి రెక్కలు లేవు, దుముకుచు పోవును, ఆంగ్లమున దానిని ఫ్లీ యందురు. ఎలుక చచ్చి చల్లబడగానే ఆ పురుగు దానిని విడిచి, వెచ్చని మరియొక దేహమును వెదకికొనును. కావున ప్లేగు ఉన్నచోట ముందుగా ఆ పురుగును అణపక, కోపముతో ఎలుకలను చంపివేసినచో, వ్యాధిని మనుష్యులపైకి మనమే తోలినట్లగును. ఊపిరితిత్తుల ప్లేగు సంగతి వేరు. అది ఒకరి శ్వాసనుండి మరియొకరికి అంటును. ఎలుకలనెన్ని చంపినను అది ఆగదు. రోగిని కనుగొని, వేరుపరచి, మందు ఇచ్చినప్పుడే ఆగును. ఎలుకపై కోపముతో ఇంటికి నిప్పు పెట్టుకొనువానినిగూర్చి మన సామెత చెప్పుచున్నది. క్రోధము చూపిన త్రోవ ఎంత ప్రమాదకరమో వైద్యశాస్త్రమును అట్లే చెప్పుచున్నది.

1995 మే నెలలో సూరత్ నగరపాలక కమీషనరుగా సూర్యదేవర రామచంద్రరావు గారు నియమితులైరి. ఆయన కాలమున జరిగిన పని వధ కాదు, ఊడ్చుట. అధికారులు ప్రతిదినము గదులు విడిచి వీధులలోనికి రావలెనని కట్టడి చేసిరి. మండలాధికారులకు నిర్ణయాధికారములు పంచి యిచ్చిరి. చెత్త యెత్తుట, మురుగుకాలువలు బాగుచేయుట, పేదపేటలలో బాటలు పరచుట, మరుగుదొడ్లు కట్టుట ఆరంభమయ్యెను. వీధిలో చెత్త వేసినవారికిని, అపరిశుభ్రముగనున్న భోజనశాలలకును జరిమానా పడెను. పలుకుబడి గలవారి అక్రమ కట్టడములు సైతము కూలిపోయెను. కొలది యేండ్లలోనే ఆ నగరము పరిశుభ్రతకు పేరుపొందెను. 2023 స్వచ్ఛ సర్వేక్షణ్‌లో ఇందోర్‌తోపాటు ప్రథమస్థానమును పొందెను.

దీని నుండి మనము గ్రహింపవలసిన ధర్మమేమి? ఎలుక మూడు వారములు గర్భము మోయును. ఒక్కొక్క ఈతకు ఆరేడు పిల్లలను పెట్టును. ఆ పిల్లలు రెండు మూడు మాసములలో తామును ఈనుటకు సిద్ధమగును. ఆహారమును, నెలవును ఉన్నంతకాలము, చచ్చిన పది ఎలుకల స్థానమున మరి పది చేరును. అప్పుడు వధకు అంతముండదు. నేడు చేసినది రేపును చేయవలెను. చెత్తకుప్పను అట్లే యుంచి ఎలుకలను చంపించువాడు, నిజమునకు చంపించుటకై ఎలుకలను పెంచుచున్నాడు. కుప్పను తొలగించినవాడు, ధాన్యపు గాదెకు మూత బిగించినవాడు, గోడలోని రంధ్రమును సున్నముతో పూడ్చినవాడు పుట్టి చావవలసిన వేల ప్రాణులను ఆ బాధనుండి ముందే తప్పించుచున్నాడు. పరిశుభ్రతకు ఆరోగ్యము ఒక ఫలము. అహింస దానికి మించిన మరియొక ఫలము. మన పెద్దలు యోగమార్గమున శౌచమును, అహింసను రెండింటిని చెప్పుటలో ఇట్టి సంబంధమొకటి కలదని భావించిన తప్పులేదు.

అయితే శౌచముతోనే సర్వము తీరునా? తీరదని ఒప్పుకొనవలెను. దక్షిణ గుజరాతునందు, సూరత్, నవసారి, వల్సాడ్ ప్రాంతములలో వర్షాకాలమున లెప్టోస్పైరోసిస్ అను జ్వరము వచ్చుచుండును. ఎలుకలు మున్నగు జంతువుల మూత్రము కలిసిన నీటినుండి అది అంటును. దానికి మొదట గురియగువారు వరిమళ్లలోను చెరకుతోటలలోను బురదలో దిగి పనిచేయు కూలీలు. కాలి పగుళ్లగుండ ఆ క్రిమి దేహములో చొరబడును. ఎలుకను చంపనని వ్రతము పట్టిన భూస్వామి గట్టుపై గొడుగు క్రింద నిలిచియుండును. ఆ వ్రతపు వెల చెల్లించువాడు మడిలోనున్నాడు. ఇదియు ఆ మంచపు కథయే. చంపకపోవుటకును వెల కలదు. ఆ వెలను ఎవరు చెల్లించుచున్నారో చూడక, తన చేతులకు మైల అంటలేదని తృప్తిపడుట అహింస కాదు.

మహాభారతమున అరణ్యపర్వమునందలి ధర్మవ్యాధుని కథను ఎరుగనివారు అరుదు. మిథిలానగరమున మాంసవిక్రేతయైన ఆ పుణ్యాత్ముడు, తపోగర్వముతో వచ్చిన కౌశికునికి ఈ విషయమునే బోధించెను. నాగలి నేలను దున్నునప్పుడు ఎన్నియో ప్రాణులు చచ్చును. నడచువాని కాలిక్రింద ఎన్నియో నలుగును. తినెడి గింజయందును ప్రాణము కలదు. సంపూర్ణముగ హింస మానినవాడు ఈ లోకమున లేడు. యత్నముచేత దానిని తగ్గించుకొనువారే కలరు. కౌశికుని అడవిలోని తపస్సును మెచ్చక, మాంసపు దుకాణములోని సత్యమును మెచ్చుటలో భారతకారుని ఉద్దేశము స్పష్టము. తాను చేయుచున్నది హింసయని యెరిగి, దాని పరిమితిని యెరిగి, కర్తవ్యమును నెరవేర్చువాడు, హింసను కంటికి దూరముగ దాచుకొని శుద్ధుడననుకొనువానికంటె ధర్మమునకు చేరువలో నున్నాడు.

గాంధీమహాత్ముడును ఈ పరీక్షకు గురియయ్యెను. 1926లో అహమదాబాదునందు ఒక మిల్లు యజమాని పిచ్చియెత్తు ప్రమాదమున్నదని అరువది వీధికుక్కలను చంపించెను. జీవదయాపరులు కలతపడి గాంధీని ప్రశ్నించిరి. అహింసనే ప్రాణముగ భావించు ఆయన, ఆ పని అనివార్యమైనదని యంగ్ ఇండియా పత్రికలో వరుసగ వ్యాసములు వ్రాసెను. ఆయన వాదమును పలువురు అంగీకరింపలేదు. ఈనాడును అంగీకరింపనివారు కలరు. అందలి ఒక అంశము మాత్రము మన ప్రశ్నకు సూటిగ తగులును. వీధికుక్కకు రొట్టెముక్క విసరి పుణ్యము వచ్చినదనుకొని, దాని పోషణ భారము వహింపని పౌరుడు ఆ కుక్కకు ఉపకారము చేయుటలేదని ఆయన యెంచెను. పోషింపదలచినచో యజమానిగా పోషింపవలెను. లేనిచో దాని దుర్గతికి తానును కారకుడే. దయ యనునది క్షణకాలపు ఉద్వేగము గాక బాధ్యతగా ఉండవలెనని దీని భావము.

ఇక గృహస్థుడు తన విషయమున ఎట్లు విచారించుకొనవలెను? పతంజలి చెప్పిన మూడు మూలములనే దీపముగ పట్టుకొనవచ్చును.

మొదటిది లోభము. జిగురు పూసిన అట్టపై ఎలుకను పట్టుట చవుక. దానికి చిక్కిన ప్రాణి గంటలకొలది, ఒక్కొకప్పుడు దినములకొలది, చర్మము చిరిగిపోవునట్లు పెనుగులాడుచు చచ్చును. బల్లులు, పిచ్చుకలు సైతము దానికి చిక్కుచున్నవి. భారత జంతు సంక్షేమ మండలి ఈ అట్టలు వలదని హెచ్చరించినది. జంతువులకు అనవసరమైన బాధ కలిగించుట 1960 నాటి చట్టమున నేరము. పచ్చభాస్వరము కలిపిన ఎలుకల మందును చవుకగ అంగళ్లలో అమ్మిరి. దానికి విరుగుడు లేదు. మనస్తాపము చెందిన యువతీయువకులెందరో దానిని మ్రింగి అకాలమరణము పొందిరి. ఎలుకకై ఇంటిలో దాచిన విషము ఎవరి చేతికి చిక్కునో యజమాని యెరుగడు. అనుమతి లేనివానిని తక్కువ కూలికి పిలుచుటయు, అవసరమున్నను లేకున్నను ప్రతి మాసము మందు చల్లించుటయు లోభమునకు సంబంధించినవే. మొదటిది సొమ్ముపై లోభము. రెండవది సుఖముపై లోభము.

రెండవది క్రోధము. చీమలబారుపై సలసల కాగిన నీళ్లు పోయుట, తేనెపట్టుకు నిప్పంటించుట, దారి తప్పి వచ్చిన పామును పదిమంది చేరి కఱ్ఱలతో కొట్టుట - వీనిలో రక్షణకంటె పగతీర్చుకొనుట ఎక్కువ. పాముకు మనపై పగలేదు. అది ఎలుకకై వచ్చినది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము పాములకు రక్షణ కల్పించినది. దానిని పట్టుట నేర్చినవారిని పిలిచి, అటవీశాఖకు తెలిపి, ప్రాణముతో పంపివేయుట మనకు సాధ్యమైన పని. తేనెటీగలను సైతము నేర్చినవారు పట్టుతోసహా తరలింపగలరు. తరలించుటకు వీలున్నచోట చంపించుట క్రోధమే గాని అవసరము కాదు.

మూడవది మోహము, అనగా తెలియనితనము. బోనులో పడిన ఎలుకను చంపుటకు మనసొప్పక, సంచిలో పెట్టి పక్కవీధిలో విడిచివచ్చు పుణ్యాత్ములు మన ఊళ్లలో పలువురు కలరు. వారి హృదయము మంచిదే. కాని ఆ పక్కవీధి ఎవరిది? తరచుగ అది మనకంటె పేదవారి వీధి. వారి గుడిసెకు సిమెంటు నేల లేదు, ధాన్యమునకు ఇనుపపెట్టె లేదు. మన పుణ్యము వారి పసిబిడ్డ పక్కలో ఎలుకయై తిరుగును. బోను పెట్టి రెండుమూడు దినములు చూడక మరచుటయు మోహమే. అందు చిక్కిన ప్రాణి దప్పికతో చచ్చును. గోడసందును పూడ్చుటకు మునుపు లోపల పిల్లలున్నవేమో చూడకపోవుటయు అట్టిదే.

ఈ మూడింటిని వడపోసిన పిమ్మటను కొంత వధ మిగులవచ్చును. వైద్యశాలలో, భోజనశాలలో, ధాన్యపు గోదాములలో, పసిపిల్లలున్న యింటిలో అది తప్పనిసరి కావచ్చును. అట్టి సమయమున ఆ పనిని చేయువాడు మన కర్మలో పాలు పంచుకొనుచున్నాడని మరువరాదు. నెల్లూరు, గుంటూరు, కృష్ణా మండలములలో వరిపొలముల ఎలుకలను పట్టువారు యానాదులు. బొరియలో పొగ పెట్టి, త్రవ్వి, ఎలుకను పట్టి, అది దాచుకొన్న గింజలను ఏరుకొని జీవించినవారు వారిలో ఎందరో కలరు. వారు కాపాడిన ధాన్యము మన గాదెలకు చేరినది. వారు మాత్రము ఊరికి వెలుపలనే నిలిచిపోయిరి. చంపించుకొన్నవాడు శుచి, చంపినవాడు అశుచి యను ఈ లెక్క ఏ ధర్మమునకు సమ్మతము? కారితమును హింసయని చెప్పిన శాస్త్రము దీనిని ఎన్నటికిని సమ్మతింపదు. మైల యున్నచో ఇద్దరికిని కలదు. లేనిచో ఇద్దరికిని లేదు.

నేడు ఈ వృత్తికి చట్టము కలదు. 1968 నాటి కీటకనాశినుల చట్టమును, 1971 నాటి నియమములను అనుసరించి, ఇండ్లలోను సంస్థలలోను విషమందులు వాడు పెస్ట్ కంట్రోల్ సంస్థకు అనుమతిపత్రము ఉండవలెను; దానిని నడుపువారు తగిన చదువును, శిక్షణను పొందియుండవలెను. అట్టి శిక్షణనిచ్చు జాతీయసంస్థ మన హైదరాబాదులోని రాజేంద్రనగరముననే యున్నది. కావున గృహస్థుడు తెలియదని చెప్పుటకు వీలులేదు. పత్రము చూపుమని అడుగవలెను. ఏ మందు, ఎంత, ఎందుకని ప్రశ్నింపవలెను. మందులేక తీరు ఉపాయమును ముందుగ వెదకుమని కోరవలెను. వచ్చిన యువకునకు ముసుగును, చేతితొడుగులును ఉన్నవో లేవో చూడవలెను. లేనిచో పని ఆపి, తెప్పింపవలెను. దానికి వెల హెచ్చినచో సంతోషముతో చెల్లింపవలెను. పని ముగిసిన పిమ్మట చేతులు కడుగుకొనుటకు సబ్బును, త్రాగుటకు మంచినీళ్లను ఇచ్చి, ఇంటికి వచ్చిన మనుష్యుని మనుష్యునిగా చూడవలెను. ఇంటిలోనే యుండి, జరుగుచున్నదేమో తెలిసికొని, చచ్చినవానిని పారవేయు పనిలో తానును ఒక చేయి వేసినచో మరియు మంచిది. చూచిన కన్ను మరల అనవసరముగ చేయింపదు.

పంచసూనలకు పరిహారముగ చెప్పిన యజ్ఞములలో భూతయజ్ఞమొకటి. గృహస్థుడు తాను భుజించుటకు మునుపు కుక్కలకు, కాకులకు, క్రిమికీటకములకు సైతము అన్నమును నేలపై ఉంచవలెనని దాని విధి. అదే గృహస్థుడు రోటిలోను పొయ్యిలోను వానిని చంపుచున్నాడు. అదే చేతితో వానికి బలి పెట్టుచున్నాడు. ఇది పరస్పరవిరుద్ధముగ తోచవచ్చును. ఆలోచించినచో ఇదియే గృహస్థుని నిజమైన స్థితి. ఈ భూమిపై తన ఒక్కనికే హక్కు లేదని అతడు ప్రతిదినము జ్ఞాపకము చేసికొనవలెను. వంటింటిలో బొద్దింకకు చోటీయలేకపోయినను, పెరటిచెట్టు తొఱ్ఱలోని గుడ్లగూబను తరుమకుండవచ్చును. అది ఎలుకలను వేటాడి మనకు మేలే చేయును. పిట్టలకు నీళ్లమూకుడు పెట్టవచ్చును. తోటలోని పురుగులన్నియు శత్రువులు కావని తెలిసికొని, అక్కరలేనిచోట విషమును చల్లింపకుండవచ్చును.

చేయించిన హింస చేయించినవానిదే. చేసినవాడు అందొక భాగస్థుడు మాత్రమే. ఈ మాటను భయపడక ఒప్పుకొన్న గృహస్థునకు మొదట కలుగునది దుఃఖము. ఆ దుఃఖము మేలైనది. అది అతనిచేత చీపురు పట్టించును, సందులు పూడ్పించును, కూలివాని ముసుగునుగూర్చి విచారింపజేయును, పక్కవీధిని తన వీధిగ చూడనేర్పును. తన సుఖమునకు ఇతరుల దేహము వెల చెల్లింపకుండునట్లు, తన దయకును ఇతరుల దేహము వెల చెల్లింపకుండునట్లు మెలగుటయే గృహస్థునకు సాధ్యమైన అహింస. అది సంపూర్ణము కాకపోవచ్చును. కాని అది కల్లకాదు, దినదినము వృద్ధిపొందునది.

మన గృహములందు అట్టి అహింస నెలకొనుగాక!